మసకబారిన టేకు పలకలకు రంగు వేయాలా, వదిలేయాలా?

పేరు ప్రచురించవద్దని కోరుతూ నల్లగొండ పట్టణం నుంచి ఒక ఉపాధ్యాయురాలు రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఆమె పుట్టిల్లు నల్లమల అంచున, అచ్చంపేట వైపు ఉన్న ఒక పల్లె. తాతల కాలం నాటి పెంకుటిల్లు కూలడానికి సిద్ధమైనప్పుడు అందులోని టేకు దూలాలను, స్తంభాలను ఆమె తండ్రి ఎవరికీ అమ్మకుండా, పట్టణ శివార్లలో కూతురూ అల్లుడూ కట్టుకుంటున్న ఇంటికి పంపించారు. వాటిని కోత మిషన్‌లో పలకలుగా కోయించి, పడమర ముఖంగా ఉన్న ముందు గోడకూ, ఉత్తరం వైపు మలుపు తిరిగే కొంత గోడకూ రీపర్ల (సన్నని కర్ర బద్దల) మీద అడ్డంగా బిగించారు. అంత చక్కటి చేవ కర్రకు రంగు పూయడమెందుకని ఏ పూతా లేకుండా వదిలేశారు. గృహప్రవేశం నాడు బంగారు వన్నెలో ఉన్న ఆ గోడ మూడు వానాకాలాలు గడిచేసరికి గుర్తుపట్టలేనంతగా మారిపోయిందని ఆమె బాధ.

మారిన తీరును ఆమె చాలా ఓపికగా వర్ణించారు. పడమటి ముఖమంతా బూడిద రంగుకు తిరిగింది. ప్రతి మేకు కింద వేలెడు పొడవున నల్లటి చార దిగింది. గేటుకు దగ్గరగా ఉన్న పలకల మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు ఉన్నాయి. మేకులే లేని చోట కూడా రెండు మూడు నల్ల మచ్చలు వచ్చాయి. రోజూ పొద్దున్నే పైపుతో పూలకుండీలకు బోరు నీళ్లు పట్టే చోట కింది రెండు పలకలు తెల్లగా పొక్కు కట్టి, పైన ఎర్రమట్టి చిందిన మరకలతో ఉన్నాయి. ఉత్తరం వైపు వేపచెట్టు నీడ పడే భాగం ఆకుపచ్చగా, నల్లగా పాకుడు పట్టింది. పలకల కింద తెల్ల సున్నం వేసిన పునాది గోడ మీద గోధుమ రంగు ధారలు కారాయి.

మాఘమాసంలో ఆమె కూతురి పెళ్లి. బంధువులంతా వచ్చేలోపు పలకలన్నింటికీ ముదురు గోధుమ రంగు ఎనామిల్ పెయింట్ వేయించాలని భర్త పట్టుబడుతున్నారు. పెయింటర్ ముందుగా బాత్‌రూమ్ టైల్స్ కడిగే యాసిడ్‌తో కడుగుతానంటున్నాడు. పలకలు బిగించిన వడ్రంగి మాత్రం కాలిన ఇంజన్ ఆయిల్ పూస్తే చెదలు కూడా రావని చెబుతున్నాడు. బావగారు ఇవన్నీ ఊడదీసి ఏసీపీ షీట్లు (రెండు పలుచని అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే పలకలు) కొట్టించుకోమంటున్నారు. “మా బాపు మాత్రం ఏమీ అనడు. వచ్చినప్పుడల్లా గోడ ముందు నిలబడి, చేతి రుమాలుతో ఒక పలకను తుడిచి చూసి లోపలికి వస్తాడు. పూత వేయకపోవడం మా తప్పేనా? ఈ కర్ర కుళ్లిపోతోందా? పెళ్లిలోపు మళ్లీ మునుపటిలా అవుతుందా? మావారికి ఎలా చెప్పాలి?” అని ఆమె అడిగారు.

అమ్మా, మీరు ఉత్తరం మొదట్లో “గోడ పాడైపోయింది” అని ఒక్క మాటలో రాసినా, తరువాతి పేజీలో ఏ మరక ఎక్కడ ఉందో విడివిడిగా రాశారు. ఆ రెండో పేజీయే మీ సమస్యకు సగం జవాబు. మీ గోడ మీద ఉన్నది ఒకే జబ్బు కాదు. కనీసం అయిదు వేర్వేరు కారణాల వల్ల వచ్చిన మరకలు ఒకదాని పక్కన ఒకటి చేరి, దూరం నుంచి చూసేవారికి మొత్తం నల్లబడినట్టు కనిపిస్తున్నాయి. వాటిలో ఒకటి ఎండ పని, ఒకటి ఇనుము పని, ఒకటి నీటి పని, ఒకటి బూజు పని, ఇంకొకటి కర్రలోంచే కారినది. వీటన్నింటికీ ఒకే మందు చెప్పే పెయింటరైనా, వడ్రంగియైనా మరకను చూడకుండా డబ్బాను చూసి మాట్లాడుతున్నాడని నేననుకుంటాను.

అన్నింటికన్నా ముందు కుళ్లు గురించిన మీ భయం సంగతి చూద్దాం. బూడిద రంగు కుళ్లు కాదు. కర్రలో పీచు కణాలను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని ఎండలోని అతినీలలోహిత కిరణాలు పై పొరలో విడగొడతాయి. అలా విడిపోయినదాన్ని వాన కడిగేస్తుంది. మిగిలిన తెల్లటి పీచు మీద కంటికి కనిపించని బూజు చేరి దానిని బూడిద రంగుకు తెస్తుంది. ఈ మార్పు లోతు మిల్లీమీటరులో కొద్ది భాగమే. పూత లేని గట్టి కర్ర ఎండావానలకు అరిగే వేగం స్థూలంగా వందేళ్లకు 3 మిల్లీమీటర్లు అని చెబుతారు. మీ పలకలు అంగుళం మందం ఉన్నాయని రాశారు కనుక, ఎండ వల్ల అవి తరిగిపోతాయన్న బెంగ మీ మనవరాళ్లకు కూడా అక్కరలేదు. ఎవరూ చూడని మూలలో ఒక పలకను శాండ్ పేపర్‌తో నాలుగుసార్లు రుద్ది చూడండి. గృహప్రవేశం నాటి వన్నె అక్కడే ఉంటుంది.

పూత వేయకపోవడం తప్పా అన్న ప్రశ్నకు కూడా ఇందులోనే సమాధానం ఉంది. మీ పుట్టింట్లో ఆ దూలాలు దశాబ్దాల పాటు పెంకుల కింద, పొగ పట్టిన నీడలో ఉన్నాయి. వాటి మీద నేరుగా ఎండ పడలేదు, వాన పడలేదు. వాటిని కోయించినప్పుడు లోపలి చేవ మొదటిసారి వెలుతురు చూసింది, అదీ నల్లగొండలో, పడమటి గోడ మీద. 40 డిగ్రీలు దాటే వేసవి మధ్యాహ్నపు ఎండ పడేది ఆ ముఖం మీదే, నైరుతి వాన జల్లు కొట్టేదీ ఆ ముఖం మీదే. అటువంటి చోట ఏ దేశపు టేకైనా ఒకటి రెండేళ్లలో బూడిద రంగుకు తిరుగుతుంది. టేకులోని సహజమైన నూనెలు దానిని చెదల నుంచి, కుళ్లు నుంచి కాపాడతాయి కాని రంగును కాపాడలేవు. ఇది మీ నిర్లక్ష్యం కాదు. ఇంటి ముందు ఏ పూతా లేని కర్ర పెట్టేవారికి ఈ సంగతి ముందే చెప్పవలసింది దానిని బిగించినవారు.

ఇక నల్లటి మరకల విషయం. ఇది నన్ను అడిగితే అసలైన కథ. టేకులోనూ, మన వైపు పాత ఇళ్లలో కనిపించే నల్లమద్దిలోనూ వగరు పదార్థాలు, అంటే టానిన్లు ఉంటాయి. తడి తగిలినప్పుడు ఇనుము కొద్దిగా కరిగి వాటితో కలిస్తే నీలి నలుపు రంగు పుడుతుంది. కలంకారీ పనివారు కరక్కాయలో తడిపిన బట్ట మీద, ఇనుప ముక్కలు బెల్లం నీటిలో నానబెట్టి చేసిన కసిమితో గీసిన గీత నల్లగా తేలడం ఈ చర్య వల్లే. మీ గోడ మీద మేకులూ వానా కలిసి ఆ పని చేస్తున్నాయి. మేకు కింద చార వచ్చిందంటే అది మామూలు ఇనుప మేకు, లేదా జింకు పూత అరిగిపోయిన మేకు అన్నమాట. మరకను ఎంత కడిగినా మేకు అక్కడే ఉంటే వచ్చే మృగశిర కార్తెకు మళ్లీ చార దిగుతుంది. అందుకే ముందు మేకు మార్చాలి, ఆ తరువాతే మరక కడగాలి.

గేటు దగ్గరి నల్ల చుక్కల గురించి మీరు బూజేమోనని అనుమానించారు. నా అనుమానం వేరు. పలకలు బిగించిన కొద్ది నెలలకు గేటు అక్కడే వెల్డింగ్ చేయించి, కటింగ్ మిషన్‌తో సాపు చేయించామని మీరే మరో సందర్భంలో రాశారు. ఆ మిషన్ నుంచి ఎగిరే నిప్పురవ్వలు నిజానికి కాలుతున్న ఇనుప రజను. అది కర్ర మీద పడి గుచ్చుకుంటుంది, మొదటి వాన దాకా ఎవరికీ కనిపించదు, తడవగానే ఒక్కో రేణువు చుట్టూ ఒక్కో నల్ల చుక్క లేస్తుంది. ఇది బూజా, ఇనుమా అని తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. బట్టలకు వాడే ద్రవరూపపు బ్లీచ్, అంటే సుమారు 5 శాతం సోడియం హైపోక్లోరైట్, ఒక చుక్క ఆ మచ్చ మీద వేయండి. ఒకటి రెండు నిమిషాల్లో మచ్చ తేలికపడితే అది బూజు. నలుపు అలాగే ఉంటే దాదాపుగా ఇనుమే. చూసిన తరువాత ఆ చోటును నీటితో బాగా కడిగేయండి.

మేకులు లేని చోట వచ్చిన మచ్చలకు కారణం పలక లోపల ఉండవచ్చు. పాత ఇంటి దూలాలలో ఉట్లకు, తోరణాలకు, దీపాలకు కొట్టిన మేకులు ఎన్నో ఉంటాయి. కోతకు ముందు లాగినప్పుడు తలలు తెగి, మొండేలు లోపలే మిగిలిపోతాయి. పిల్లలు ఆడుకునే అయస్కాంతం కాస్త బలమైనది తీసుకుని ఆ మచ్చల మీద ఆడించి చూడండి. లాగినట్టు అనిపిస్తే అక్కడ ఇనుము ఉన్నట్టే. సన్నని ఉలితో తీయించి, ఆ రంధ్రంలో అదే కర్రతో చేసిన చిన్న బిరడా కొట్టించవచ్చు. తాతగారి కాలపు మేకు దొరికితే దాచుకోవాలా, పారేయాలా అన్నది మీ ఇష్టం.

కింది రెండు పలకల మీద నేను కొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టమంటాను, ఎందుకంటే మొత్తం గోడలో నిజంగా ప్రమాదం ఉన్నది అక్కడే. నల్లగొండ బోరు నీరు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది కాని, ఈ తెల్లటి పొక్కుకు ఫ్లోరైడ్ కారణం కాదు. నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు, నీరు ఆవిరైపోగా పలక మీద మిగిలిపోతున్నాయి. కాఫీ డికాక్షన్ కాచే గిన్నె అడుగున పేరుకునే పొక్కు కూడా ఇదే. నీటిలో కలిపిన వెనిగర్‌తో, మెత్తటి బ్రష్‌తో ఇది పోతుంది. కాని రోజూ తడిసే పలక రోజూ తడుస్తూనే ఉంటుంది. కర్రలో తేమ 20 శాతం లోపు ఉన్నంత కాలం కుళ్లు పుట్టించే శిలీంధ్రం పెరగలేదు. పొద్దుటి పైపు నీళ్లూ, కింది నుంచి చిందే ఎర్రమట్టీ, నేలకు నాలుగు అంగుళాల ఎత్తులోనే ఉన్న పలక అంచూ కలిస్తే ఆ హద్దు దాటడం కష్టమేమీ కాదు. ఒక స్క్రూడ్రైవర్ మొనతో ఆ పలకల కింది అంచును, చివరలను గట్టిగా పొడిచి చూడండి. గట్టిగా తగిలితే ఉన్నది మరక మాత్రమే. మొన మెత్తగా దిగితే, అందులోనూ చేవ చుట్టూ ఉండే తెల్ల కర్ర భాగం ఎక్కువగా ఉన్న పలకైతే, అది కుళ్లే. దానిని శుభ్రం చేయడం దండగ, మార్చుకోవడమే మేలు. ఏది తేలినా కుండీలను అక్కడి నుంచి జరపండి. నేలకూ కింది పలకకూ మధ్య 6 నుంచి 8 అంగుళాల ఖాళీ ఉండేలా చూసుకోగలిగితే ఇంకా మంచిది.

వేపచెట్టు వైపు పాకుడు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఎండ తగలక, గాలి ఆడక తడి ఆరని చోట అది వస్తుంది. కడిగితే పోతుంది. రెండు కొమ్మలు కొట్టిస్తే తొందరగా తిరిగి రాదు. పునాది గోడ మీది గోధుమ ధారలు కొత్తగా కోసిన కర్ర నుంచి మొదటి వానల్లో కారే సారం. మూడేళ్లయింది కనుక అది ఇప్పటికే తగ్గిపోయి ఉండాలి. ఆ గోడకు మళ్లీ సున్నం వేయించుకుంటే సరిపోతుంది.

మీకు అందిన సలహాల మీద నా అభిప్రాయం దాచుకోను. బాత్‌రూమ్ యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఈ గోడ దగ్గరకు రానివ్వకండి. అది కర్ర పీచును పాడుచేస్తుంది, మేకులను ఇంకా త్వరగా తుప్పు పట్టిస్తుంది, ఆ తుప్పు మళ్లీ నలుపవుతుంది. కాలిన ఇంజన్ ఆయిల్ మన పల్లెల్లో ఎడ్లబండ్లకు, కంచె గుంజలకు పూసే అలవాటు ఉన్న మాట నిజమే. కాని అందులో ఆరోగ్యానికి హాని చేసే మలినాలు ఉంటాయి, అది ఎప్పటికీ పూర్తిగా ఆరదు, ఎండలో ధూళిని పట్టుకుంటుంది, ఆ తరువాత ఏ పూత వేసినా అంటుకోదు. పెళ్లివారి పట్టుచీరలు ఆ గోడకు ఆనుకుంటే ఏమవుతుందో మీరే ఊహించండి. ఏసీపీ షీట్ల గురించి బావగారితో వాదన పెట్టుకోకండి, ఆయన అడిగింది కర్ర గురించి కాదు, మీ ఇంటి రూపం గురించి.

శుభ్రం చేయాలనుకుంటే దానికి ఒక వరుస ఉంది. మొదట మేకులు. ఇనుప మేకులను ఒక్కొక్కటిగా తీయించి స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు వేయించండి. ఖర్చు ఉంటుంది, కాని ఈ మొత్తం పనిలో మళ్లీ చేయనక్కరలేని ఖర్చు ఇదొక్కటే. తరువాత బూజు కడగడం. ఒక వంతు ద్రవ బ్లీచ్‌కు మూడు వంతుల నీళ్లు, అమోనియా లేని డిటర్జెంట్ కొద్దిగా కలిపి, నైలాన్ బ్రష్‌తో కర్ర పీచు వెంబడి రుద్ది, పది పదిహేను నిమిషాల్లో పుష్కలంగా కడిగేయాలి. గ్రామ పంచాయతీలు చల్లే బ్లీచింగ్ పౌడర్ చవకగా దొరుకుతుంది కదా అని వాడకండి. అందులో సున్నం ఉంటుంది, సున్నపు క్షారం టేకును ఇంకా ముదురు రంగుకు తిప్పుతుంది. సిమెంటు నీళ్లు పడిన చోట టేకు నల్లబడటం కూడా ఇందుకే.

బూజు పోయి గోడ పూర్తిగా ఆరిన తరువాత, మిగిలిన ఇనుప మరకలకు ఆక్జాలిక్ యాసిడ్ వాడాలి. రసాయనాల దుకాణాల్లో తెల్లటి పొడిగా దొరుకుతుంది. లీటరు వేడి నీటికి 30 నుంచి 50 గ్రాములతో మొదలుపెట్టి, మొండి మరకల మీద మాత్రం 100 గ్రాముల దాకా పెంచవచ్చు. ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపాలి. మచ్చ మీద మాత్రమే కాక పలక పొడవునా పూయాలి, లేకపోతే నల్లటి మచ్చ స్థానంలో తెల్లటి మచ్చ మిగులుతుంది. ఇరవై నిమిషాలకు కడిగేస్తే చాలు, నల్లటి చారలు కళ్లముందే కరిగిపోవడం చూస్తారు. ఇక్కడ మన జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. ఈ యాసిడ్ గట్టి బోరు నీటిలోని కాల్షియంతో కలిస్తే కరగని తెల్లటి పొడిగా మారిపోతుంది. మందు బలం తగ్గుతుంది, కర్ర మీద తెల్లటి పొర కూర్చుంటుంది. అందుకని కలపడానికీ, మొదటిసారి కడగడానికీ నిలవ చేసిన వాన నీటినో, శుద్ధి చేసిన ప్లాంటు నీటినో వాడండి.

రెండు హెచ్చరికలు. బ్లీచ్, ఆక్జాలిక్ యాసిడ్ ఏ పరిస్థితిలోనూ కలవకూడదు, కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఒకే రోజు రెండూ వాడకపోవడం మంచిది. రెండోది, ఆక్జాలిక్ యాసిడ్ కడుపులోకి వెళితే విషం. చేతులకు గ్లోవ్స్, కళ్లకు అద్దాలు, పొడి కలిపేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలి, పిల్లలను, పశువులను దూరంగా ఉంచాలి, కింద మొక్కలుంటే ముందే బాగా తడిపి పట్టా కప్పాలి. ఇక స్టీల్ పీచు, ఇనుప బ్రష్ ముట్టుకోవద్దు. వాటి నుంచి రాలే రజను కర్రలో ఇరుక్కుని, మీ గేటు పక్కన జరిగినదే గోడంతా జరుగుతుంది. బండ్లు కడిగే ప్రెజర్ మిషన్ కూడా వద్దు, అది పీచును చింపి కర్రను బొచ్చులా లేపుతుంది.

ఇంతవరకూ చెప్పినది మరకలు తీయడం. ఆ తరువాత గోడను ఎలా ఉంచాలన్నది వేరే ప్రశ్న. మీ ఇంట్లో గొడవ ఈ రెండో ప్రశ్న మీదే జరుగుతోంది.

ఒక దారి, శుభ్రం చేసి అలాగే వదిలేయడం. మాఘమాసానికి గోడ తేలికైన తేనె రంగులో ఉంటుంది. ఆ తరువాత ఏడాది రెండేళ్లలో మళ్లీ బూడిద రంగుకు వెళుతుంది, కాని ఈసారి ఇనుప చారలూ, పాకుడూ లేకుండా పడమటి ముఖమంతా ఒకే తీరుగా వెళుతుంది. సజ్జ నీడ పడే పై పలకలు మాత్రం చాలా కాలం గోధుమ రంగులోనే ఉంటాయి, ఆ తేడాను మీరు భరించగలగాలి. ఖర్చు దాదాపు లేదు. పూత లేని టేకును ఇష్టపడి పెట్టుకున్నవారికి ఇది సహజమైన దారి, నాకు నచ్చిన దారి కూడా ఇదే.

రెండో దారి, కర్రలోకి ఇంకే నూనె పూత. ఇందులో పారదర్శకమైన పూత ఎండను ఆపదు, కొద్దిగా రంగు కలిసినది ఆపుతుంది. మంచి రకం మామూలు చోట రెండు మూడేళ్లు నిలుస్తుందంటారు కాని, మీ పడమటి గోడ మీద ఏడాదికో, ఏడాదిన్నరకో మళ్లీ పూయవలసి వస్తుందని లెక్క వేసుకోండి. ఇది పొలుసులుగా ఊడదు, మెల్లగా వెలిసిపోతుంది, కనుక ప్రతిసారీ గీకే పని ఉండదు. ఎక్కువ పూస్తే జిగురుగా ఉండిపోతుంది. పూసిన పావుగంటకు మిగిలినది గుడ్డతో తుడిచేయాలి. అలా తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి, అవిసె నూనె లాంటి ఆరే నూనెలతో తడిసిన గుడ్డలు వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడిగా పరిచి ఆరబెట్టి పారేయాలి. ఊరికే పచ్చి అవిసె నూనె పూయమని ఎవరైనా చెబితే, అది బూజుకు మేత అవుతుందని గుర్తుంచుకోండి.

మూడో దారి, మీవారు కోరుతున్న ఎనామిల్. దానిని తప్పని నేననను. సరిగ్గా వేసిన పెయింటు అన్ని పూతలకన్నా ఎక్కువ కాలం, ఏడెనిమిదేళ్ల దాకా కర్రను కాపాడుతుంది. కాని “సరిగ్గా” అన్నచోటే చిక్కు. ఎండకు విడిపోయిన బూడిద పొర మీద పెయింటు నిలవదు. కొన్ని వారాల ఎండ తిన్న కర్ర మీదే పట్టు తగ్గుతుందంటే, మూడేళ్ల పొర సంగతి చెప్పనక్కరలేదు. మొత్తం గోడను తాజా కర్ర కనిపించే దాకా శాండ్ చేయించి, ఆరనిచ్చి, ప్రైమర్ వేసి, ఆపైన రెండు కోట్లు వేయాలి. తొందరలో నేరుగా వేస్తే పెళ్లి ఫొటోలలో బాగానే ఉంటుంది, మరుసటి వేసవికి పొలుసులు లేస్తాయి. పైగా ఇనుప మేకులు మార్చకపోతే పెయింటు లోంచి కూడా మరకలు పైకి వస్తాయి. గట్టిపడి పొర కట్టే పారదర్శకమైన వార్నిష్, పాలిష్‌లకు మన ఎండలో ఆయుష్షు ఇంకా తక్కువ, లోపలి దర్వాజలకు వాడేవి బయటికి పనికిరావు.

నాలుగో దారి మీరు అడగలేదు, అయినా చెబుతాను. పడమటి గోడ పలకల్లో కొన్నింటిని విప్పి వరండా లోపలి గోడకో, హాలులో ఒక పక్కకో మార్చుకోవచ్చు. నీడలో ఆ కర్ర మీ పుట్టింట్లో ఉన్నట్టే ఉంటుంది. బయటి గోడకు మామూలు ప్లాస్టరు, రంగు సరిపోతాయి. పెళ్లికి ముందు ఇంత పని పెట్టుకోమని మాత్రం అనను.

మీవారితో మాట్లాడేటప్పుడు “మా నాన్న ఇచ్చిన కర్ర” అని మొదలుపెడితే ఆయనకు జవాబు ఉండదు, మీకు సమాధానమూ దొరకదు. ఆయన బెంగ వచ్చినవాళ్లు ఇంటి ముందు చూసి ఏమంటారోనని. అది న్యాయమైన బెంగే, పెళ్లి ఇంట్లో ఎవరికైనా ఉంటుంది. కనుక వాదన బదులు ఒక నమూనా పెట్టండి. గేటు పక్కన చుక్కలు పడిన పలకల మీద రెండేసి అడుగుల చొప్పున మూడు భాగాలు చేసి, ఒకటి కడిగి వదిలేయండి, ఒకటి కడిగి నూనె పూయండి, ఒకటి ఆయన కోరిన పెయింటు సరిగ్గా వేయించండి. పది రోజులు రాకపోకల్లో అందరూ చూస్తారు. ఆయన చూసిన తరువాత కూడా పెయింటే బాగుందంటే, కనీసం అది గీకి, ప్రైమర్ వేసిన పెయింటు అవుతుంది. ఒక్క సంగతి మాత్రం ఆయనకు చెప్పండి. కడిగినదానికి ఎప్పుడైనా నూనె పూయవచ్చు, నూనె వెలిసిన తరువాత ఎప్పుడైనా పెయింటు వేయవచ్చు. పెయింటు వేసిన తరువాత వెనక్కి రావాలంటే ప్రతి పలకనూ గీకించాలి. ఈ ఏడాది తక్కువ పని చేయడం వల్ల వచ్చే ఏడాదికి మూసుకుపోయే దారి ఏదీ లేదు.

మీ నాన్నగారిని కూడా ఈ నమూనా దగ్గరికి పిలవండి. ఆయన ఏమీ అనకపోవడాన్ని మీరు నిందగా తీసుకుంటున్నారని ఉత్తరం చదివితే తెలుస్తోంది. అల్లుడి ఇంటి విషయంలో మాట అనడానికి జంకే పెద్దలు మన వైపు చాలామంది ఉంటారు. పాత మేకులు ఏ దూలంలో ఎక్కడ ఉండేవో ఆయనకు తెలిసి ఉండవచ్చు. ఆ పని ఆయనను అడగండి, మిగిలినది ఆయనే మాట్లాడతారు.

కాలం విషయానికి వస్తే, వానలు వెనక్కి తగ్గే దాకా ఏమీ మొదలుపెట్టకండి. ఆశ్వయుజం చివర, కార్తీకంలో మేకుల పని, కడగడం పెట్టుకుంటే, మార్గశిరంలో గోడ ఆరడానికి తగినంత పొడి వాతావరణం ఉంటుంది. పూత ఏదైనా ఆరిన కర్ర మీద, నేరుగా ఎండ పడని పూట, అంటే మీ పడమటి గోడకు ఉదయం పూట వేయించాలి. పుష్యమాసం మొదటి పక్షంలోపు అది ముగిస్తే మాఘానికి వాసన కూడా మిగలదు. కింది రెండు పలకల్లో స్క్రూడ్రైవర్ దిగితే మాత్రం కొత్త పలక కోసం కోత మిషన్‌కు ఇప్పుడే చెప్పి ఉంచండి. మీ దగ్గర మిగిలిన దూలం ముక్క ఉంటే దానినే కోయించండి, రంగు కలవడానికి ఒక వేసవి పడుతుంది కాని కర్ర కలుస్తుంది. అదే పలకకు వెనక వైపు, నాలుగు అంచులకూ, ముఖ్యంగా కోసిన చివరలకు, బిగించకముందే పూత పూయించండి. నీరు కర్రలోకి ఎక్కేది ఎక్కువగా ఆ చివరల నుంచే.